ఏడు డిగ్రీల తేడా

జనవరి 20, మంగళవారం

ఈ పుస్తకం ఆఫీసుదే. అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాక పాత లాగ్‌బుక్కులు పారేయమంటే ఒకటి సంచిలో వేసుకొచ్చాను. ప్రతి పేజీలోనూ గళ్ళు: టైము, లోపలికెళ్ళే కూలెంట్ వేడి, బయటికొచ్చే కూలెంట్ వేడి, రిమార్కులు. ఇరవై రెండేళ్ళు ఈ గళ్ళు నింపిన చెయ్యి ఊరికే కూర్చోమంటే కూర్చోదు. గళ్ళ సంగతి పట్టించుకోకుండా అడ్డంగా రాసుకుపోతాను. చూసేవాళ్ళెవరు గనక!

చిప్‌లు పరీక్షించే మెషీన్లో కూలెంట్‌ని, అంటే చల్లబరిచే ద్రవాన్ని, తిప్పే పంపు ఈరోజు ఆగింది. ప్రతి సోమవారం పైపుల్లోంచి గాలి తీసేయాలి. నిన్న తీయలేదు. కిందటి సోమవారమూ తీయలేదు. ఎడమ భుజం నొప్పి, నిచ్చెనెక్కి వాల్వు తిప్పాలంటే ప్రాణం మీదికొస్తోంది. గాలి చేరింది, కూలెంట్ కదలడం మానేసింది. చిప్ మీద ఆనించి దాన్ని వేడిచేసే హెడ్‌లో హీటర్ మాత్రం నిక్షేపంలా కాలుతూనే ఉంది. అలారం విని పరిగెత్తేసరికి స్క్రీన్ మీద నూట అరవై రెండు డిగ్రీలు. ఉండాల్సింది నూట ఐదు.

సాకెట్‌లో మామూలు చిప్ ఉంటే బుట్టలో పడేసి చేతులు దులుపుకునేవాణ్ణి. నా ఖర్మకొద్దీ అందులో ఉన్నది గోల్డెన్ చిప్, మూడో నంబరు. రోజూ పొద్దున్న మెషీన్ నిజం చెబుతోందా లేదా అని చూసుకునేది దాంతోనే. ఈ రకానికి మా దగ్గరున్నది అదొక్కటే.

నాతోపాటు ఇక్కడే పనిచేసే మా మరదలు భోజనానికి వెళ్ళింది. గదిలో ఎవరూ లేరు. గాలి తీశాను, కూలెంట్ పోశాను, అలారం ఆపేశాను, చిప్‌ని దాని స్పాంజి పెట్టెలో పెట్టేశాను. చూపుకి బాగానే ఉంది. పోయిందని రాస్తే ఫారం నింపాలి, కారణం రాయాలి, మేనేజరు సంతకం పెట్టాలి, కొత్తది రావడానికి ఆరు వారాలు. కారణం దగ్గర ఏం రాయను, భుజం నొప్పి అనా? ఎందుకొచ్చిన గొడవ.

జనవరి 21, బుధవారం

పొద్దున చెక్ చేస్తూ మరదలు కేకేసింది. "బావా, ఇటు రండి. గోల్డెన్ తిక్క వేషాలు వేస్తోంది. పుస్తకంలో ముప్పై ఆరు, ఇదేమో నలభై నాలుగు చూపిస్తోంది."

ఆ అంకె చిప్‌లోంచి లీకయ్యే కరెంటు. వేడి పెరిగితే లీకు పెరుగుతుంది. కాబట్టి అంకె పెరిగిందంటే హెడ్ తాను చెప్పేదానికన్నా ఎక్కువ వేడిగా ఉందని అర్థం. గోల్డెన్ చిప్ బాగున్నంతకాలం అదే అర్థం.

"హెడ్ వేడెక్కినట్టుంది. ఆఫ్‌సెట్ తగ్గిస్తే సరి," అన్నాను. ఆఫ్‌సెట్ అంటే హెడ్‌ని ఎంత వేడి చెయ్యాలో చెప్పేటప్పుడు మేం కలిపే దిద్దుబాటు అంకె. మెయింటెనెన్స్ పాస్‌వర్డ్ కొట్టి ఏడు డిగ్రీలు తగ్గించాను. ముప్పై ఆరు వచ్చింది.

"రెండు డిగ్రీలు దాటితే మేనేజరుకి చెప్పాలి కదా?" అంది.

"నేను చెప్తాలే. నువ్వు సంతకం పెట్టు."

పెట్టింది. హెడ్ నిజంగానే వేడెక్కి ఉండొచ్చు. పంపు ఆగినప్పుడు లోపల సెన్సర్ జరిగి ఉండొచ్చు. ఉండొచ్చు.

జనవరి 22

ముప్పై ఆరు.

జనవరి 23

ముప్పై ఆరు. భుజం కాస్త నయం. మేనేజరు ఊళ్ళో లేడు.

ఫిబ్రవరి 8, ఆదివారం

మా ఆవిడ అన్నం దగ్గర కూర్చుని, "ఇన్నేళ్ళయింది, మీరిద్దరూ అక్కడ ఏం చేస్తారో నాకు ఒక్క ముక్క తెలీదు," అంది. నేను మొదలుపెట్టబోతే మరదలు అందుకుంది. "ఏముందక్కా, చిప్‌కి జ్వరం తెప్పిస్తాం. నూట ఐదు డిగ్రీల జ్వరం. ఆ జ్వరంలో లెక్కలు చెయ్యమంటాం. చేస్తే పాసు, తడబడితే బుట్టలోకి. లెక్కలు చేస్తుంటే దాని ఒళ్ళు ఇంకా కాలిపోతుంది కదా, అందుకని బావ పక్కనే కూర్చుని తడిగుడ్డ వేస్తుంటారు."

"ఆ కూలెంట్ ఒక్క క్షణం ఆలస్యమైతే చిప్ మాడిపోతుంది, తెలుసా? తడిగుడ్డట!" అన్నాను. ఇద్దరూ ఒకటే నవ్వు.

తొమ్మిదేళ్ళయింది ఈ పిల్ల మా ఇంటికొచ్చి. పిల్లేమిటి, ముప్పై నాలుగు దాటాయి. వెనక గదిలో ఉంటుంది. చెడిపోయిన పెళ్ళిని వదిలేసి చేతిసంచితో వచ్చినప్పుడు మా ఆవిడ ఏడుస్తూ కూర్చుంటే, నేనే తీసుకెళ్ళి మా లైన్లో పనిలో పెట్టించాను. హెడ్ ఎలా దించాలో, చెవితో విని పంపు ఎలా ఉందో ఎలా చెప్పాలో నేనే నేర్పాను. ఇప్పుడు జూన్‌లో ఇంజనీర్ గ్రేడ్ పరీక్ష రాస్తుందట. పాసైతే నాకు పైన కూర్చుంటుంది. "అప్పుడు నన్ను అమ్మగారూ అనాలి బావా," అంటోంది. దాని సరదా ముదిరిపోతోంది. నాకూ సరదాగానే ఉంది.

మేనేజరుకి చెప్పలేదు. పదిహేను రోజుల పైనే అయింది. ఇప్పుడు చెబితే ఇన్నాళ్ళూ ఏం చేశావంటాడు.

మార్చి 27, శుక్రవారం

చిప్‌లు తిరిగొస్తున్నాయి.

కస్టమర్ దగ్గర్నుంచి మెయిల్. రెండు వందల పన్నెండు. వేడి గదుల్లో పెట్టిన, మా చిప్‌లు బిగించిన పెట్టెలు పనిచేస్తూ చేస్తూ ఠపీమని ఆగిపోతున్నాయట. అన్నీ మా లైన్‌వే. ఎవరికీ ప్రాణాపాయం లేదు. పెట్టెలు ఆగిపోయాయి, అంతే.

నాకు వెంటనే ఆ ఏడు డిగ్రీలు గుర్తొచ్చాయి. బయటికి మాత్రం, "వాళ్ళ ఫ్యాన్లు పాడై ఉంటాయి," అన్నాను. అందరూ అవునన్నారు.

మార్చి 30, సోమవారం

క్వాలిటీ వాళ్ళు వచ్చి హెడ్ మీద సన్నటి సెన్సర్ తీగ అతికించి కొలిచారు. స్క్రీన్ మీద నూట ఐదు. నిజంగా తొంభై ఎనిమిది.

పది వారాలు. జ్వరం లేని చిప్‌లని జ్వరంలో పాసయ్యాయని పంపించాం. "పంపించాం" అని రాశాను. పంపించాను.

ఏప్రిల్ 2, గురువారం

ఎంక్వయిరీ. మేనేజరు, క్వాలిటీ వాళ్ళు ఇద్దరు, నేను, మరదలు.

మూడో నంబరు గోల్డెన్ చిప్ పాడైందని తేల్చేశారు. వయసైపోయి పాడైందనుకుంటున్నారు. పాత అలారాల జాబితా నెలకోసారి దానంతటదే చెరిగిపోతుంది, పంపు సంగతి వాళ్ళకి తెలిసే దారి లేదు. వాళ్ళకి కావాల్సింది ఒకటే: పాడైన చిప్‌కి సరిపోయేలా ఆఫ్‌సెట్‌ని ఏడు డిగ్రీలు దించిందెవరు? కంప్యూటర్లో "మెయింటెనెన్స్" అని మాత్రమే ఉంది. ఆ పాస్‌వర్డ్ మా ఇద్దరికీ తెలుసు. ఆ రోజు చెక్ షీట్ కింద సంతకం మాత్రం మరదలిది.

క్వాలిటీ ఆయన నా వైపు తిరిగాడు. "మాస్టారూ, ఆ రోజు మీరేమైనా మార్చినట్టు గుర్తుందా?"

అందరూ నన్ను పైపుల మాస్టారంటారు. ఆ మాటకి ఒక గౌరవం ఉంది.

"గుర్తు లేదు సర్," అన్నాను. "మార్చి ఉంటే రాసి ఉంచేవాణ్ణి."

అని కిటికీ వైపు చూశాను. బయట ఎవరో ట్రాలీ తోసుకుంటూ వెళ్తున్నారు. అది కనుమరుగయ్యేదాకా చూశాను. "నీ ఇష్టానికి మార్చి గోల్డెన్‌ని పాస్ చేయించావన్నమాట," అన్నాడు మేనేజరు మరదలితో. తను నా పేరెత్తలేదు. తప్పు ఒప్పుకుంటూ కాగితం మీద సంతకం పెట్టమంటే, మూడు పని రోజులు గడువు కావాలంది. ఎందుకని అడిగితే, ఆలోచించుకోవాలంది.

ఆలోచించుకోవడానికేముందో నాకు అర్థం కాలేదు. పంపు సంగతి తనకి తెలీదు. హెడ్డే వేడెక్కిందనుకుని నేను మంచికే దించానని అనుకుంటోంది. అంటే తన తప్పు కూడా కొంత ఉందని తనకే అనిపిస్తోందేమో. సంతకం పెట్టకముందు చదువుకోవాలి కదా ఎవరైనా.

ఏప్రిల్ 3, శుక్రవారం

రేపు చెప్తాను.

ఏప్రిల్ 4

శనివారం. మేనేజరు రాడు.

ఏప్రిల్ 6, సోమవారం

మేనేజరు గది దాకా వెళ్ళాను. లోపల ఎవరో ఉన్నారు. బయట కుర్చీలో కాసేపు కూర్చున్నాను. వాళ్ళు వెళ్ళిపోయారు. నేనూ లేచి లైన్లోకి వచ్చేశాను. పైపుల్లో గాలి తీశాను, సోమవారం కదా. భుజం ఏమీ నొప్పి పెట్టలేదు. చాలా శ్రద్ధగా తీశాను.

పొద్దున్నా సాయంత్రమూ బస్సులో మరదలు నా పక్కనే కూర్చుంటోంది, ఎప్పట్లాగే. మాట్లాడదు. కిటికీలోంచి చూడదు. ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంటుంది. ఏమైనా అంటే బాగుండు అనిపిస్తుంది, అంటుందేమోనని భయంగానూ ఉంటుంది.

ఏప్రిల్ 7

గడువు ఇవాళ్టితో ఆఖరు. నాకు యాభై మూడేళ్ళు. ఈ వయసులో నన్ను తీసేస్తే ఎవడు తీసుకుంటాడు? తనకింకా చాలా జీవితం ఉంది. తెలివైంది. ఎక్కడైనా బతుకుతుంది. అలా ఆలోచిస్తే, నిజానికి, ఇద్దరికీ ఇదే మంచిది.

రాసి చదువుకున్నాను. ఛీ.

ఏప్రిల్ 8, బుధవారం

సంతకం పెట్టేసింది. ఉద్యోగం పోయింది. బ్యాడ్జి, కోటు, లాకరు తాళం అక్కడే ఇచ్చేసింది. ఎవరైనా వాకబు చేస్తే "లెక్కలు దిద్దిన మనిషి" అని చెప్తారు, అంటే ఈ పనిలో ఇంకెక్కడా తలుపు తెరవరు. జూన్ పరీక్ష లేనట్టే.

ఏప్రిల్ 10, శుక్రవారం

ఇంట్లో పెద్ద రభస. మా ఆవిడకి ఎవరో ఫోన్ చేసి చెప్పారట, మీ చెల్లెలు మోసం చేసి దొరికిపోయిందని.

"నీకేం తక్కువ చేశామే? ఆయన పరువు తీసి నడిబజార్లో పెట్టావు కదే! రేపు ఆయన ఆఫీసులో తలెత్తుకుని ఎలా తిరగాలి?" అని చెల్లెల్ని నానా మాటలూ అంది. చెయ్యి కూడా ఎత్తింది. నేను పట్టుకున్నాను. "పోనీలే, ఏదో అయిపోయింది," అన్నాను.

ఆ మాట నేనే అన్నాను. ఈ నోటితోనే.

మరదలు అక్కని ఎదిరించలేదు. నా మొహంలోకి ఒకసారి చూసింది. కోపంగా కాదు. చిప్‌ని భూతద్దం కింద పెట్టినప్పుడు అలాగే చూస్తుంది, ఏం దొరుకుతుందా అని. తర్వాత వెళ్ళి బట్టలు సర్దుకుంది. ఎక్కడికే అని అక్క అడగలేదు. నేనూ అడగలేదు. చేతిసంచితో వచ్చింది, రెండు సంచులతో వెళ్ళింది.

ఏప్రిల్ 13, సోమవారం

చెప్పేశాను. ఎవరేమన్నా అనుకోనీ, చెప్పేశాను.

మేనేజరు గదిలో తలుపు వేసి మరీ చెప్పాను. పంపు, గాలి, నూట అరవై రెండు, మూడో నంబరు, ఏడు డిగ్రీలు, అంతా. "ఆ తప్పు మా మరదలిది కాదు సర్, నాది," అన్నాను.

ఆయన పెన్ను మూత తీసి పెట్టాడు.

"మాస్టారూ, ఆ రిపోర్టు కస్టమర్ శుక్రవారం ఒప్పుకున్నాడు. మూసేశాం. ఇప్పుడు వెళ్ళి కారణం అది కాదండీ, ఇది అంటే ఇంక మన మాట ఎవడు నమ్ముతాడు? ఆర్డర్లు ఆపేసి లైన్ మొత్తం మూయిస్తారు. అరవై మంది ఉన్నారు ఇక్కడ."

"మరి తను?"

"తనే ఒప్పుకుంది కదా, సంతకం కూడా పెట్టింది. ఎంక్వయిరీలో నోరు తెరవాల్సింది, తెరవలేదు. మీరూ తెరవలేదు." ఆ మాట నెమ్మదిగా అన్నాడు. "మీరు నాకేమీ చెప్పలేదు, నేనేమీ వినలేదు. టీ తాగుతారా?"

తాగాను.

ఏది ఏమైనా నేను చెప్పాల్సింది చెప్పాను. వినకపోతే నేనేం చేయను? గుండెల మీద బరువు దిగినట్టే ఉంది. ఇవాళ కడుపునిండా తిన్నాను.

ఏప్రిల్ 16

బరువేమీ దిగలేదు.

ఏప్రిల్ 24, శుక్రవారం

రిపోర్టులో ఆఖరి పేజీ: "మళ్ళీ జరగకుండా చర్య: సీనియర్ టెక్నీషియన్ చేత అందరికీ శిక్షణ." సీనియర్ టెక్నీషియన్ అంటే నేనే.

పద్నాలుగు మంది కూర్చున్నారు. ఏం చెప్పాలో వాళ్ళే రాసిచ్చారు. స్క్రీన్ మీద మరదలు సంతకం, పేరు కనపడకుండా నల్లగీత కొట్టి. పేరు కొట్టేస్తే మాత్రం తెలీదా, అందరూ తనతో కలిసి అన్నం తిన్నవాళ్ళే. "ఆపరేటర్ తన ఇష్టం వచ్చినట్టు ఆఫ్‌సెట్ మార్చడం వల్ల..." అని చదివాను. గొంతు బాగానే పలికింది. నాకే ఆశ్చర్యం వేసింది.

కొత్తగా చేరిన అమ్మాయి చెయ్యెత్తింది. "మాస్టారూ, అసలు ఆ గోల్డెన్ చిప్ ఎందుకు పాడైంది?"

"వయసు," అన్నాను. రాసుకుంది.

అందరూ చప్పట్లు కొట్టారు. శిక్షణ అయ్యాక కొట్టడం రివాజు.

మే 3, ఆదివారం

మరదలు పుస్తకాలు వెనక గదిలో ఉండిపోయాయి. మా ఆవిడ అట్టపెట్టెలో పడేసి, "దాని మొహాన కొట్టి రండి," అంది. తీసుకెళ్ళాను.

మూడో అంతస్తులో ఒక గది. మంచం, స్టవ్వు, తాడు మీద ఆరేసిన రెండు జతల బట్టలు. కళ్ళద్దాల షాపులో చేరిందట, అద్దాలు తుడిచి ఫ్రేముల్లో బిగిస్తుందట. "కూర్చోండి బావగారూ," అంది. బావా అనేది ఎప్పుడూ.

అట్టపెట్టె కింద పెట్టి, "మేనేజరుకి చెప్పాను, తప్పు నాదేనని. వినలేదు," అన్నాను.

"ఎప్పుడు చెప్పారు?"

"పదమూడున."

"నేను సంతకం పెట్టింది ఎనిమిదిన." నవ్వింది. నవ్వు అనడానికి లేదు, ముక్కుతో గాలి వదిలింది. "ఏం చెప్పారు? ఆఫ్‌సెట్ సంగతేనా, పంపు సంగతి కూడానా?"

పంపు మాట నేనెప్పుడూ తనతో అనలేదు.

"నీకెలా..."

"మెయిల్ వచ్చిన మర్నాడే మూడో నంబరుని రెండో లైన్లో పెట్టి చూశాను. గోల్డెన్ చిప్ రాత్రికి రాత్రి అలా అవదు బావగారూ. మాడితేనే అవుతుంది. మాడాలంటే కూలెంట్ ఆగాలి. ఎందుకాగుతుందో మీరే కదా నాకు నేర్పింది."

"మరి ఎంక్వయిరీలో ఎందుకు చెప్పలేదు? ఒక్క మాట అంటే సరిపోయేది కదా!" అన్నాను. సిగ్గులేకుండా తన మీదే అరిచాను.

"నేను చెబితే బావ మీద మరదలు నెపం వేసిందంటారు. మీరు చెబితే నిజమవుతుంది. అందుకే గడువు అడిగాను. ఆలోచించుకోవడానికి నాకేముంది? ఆ మూడు రోజులూ అడిగింది మీ కోసం. ఇవాళ చెప్తారు, ఇవాళ చెప్తారు అని బస్సులో పక్కనే కూర్చున్నాను."

నేను అట్టపెట్టె మూత తీశాను. పైనున్నది పరీక్ష పుస్తకం, అందులో నా చేత్తో గీసిచ్చిన కూలెంట్ పైపుల బొమ్మ మడతపెట్టి ఉంది.

"ఉద్యోగం సంగతి వదిలెయ్యండి," అంది. "అది తిరిగి రాదు. మా అక్క నన్ను దొంగదానిలా చూసింది. అది ఒక్కటి సరిచెయ్యండి. నేను చెప్పను, మీరే చెప్పాలి. చెప్పేదాకా ఆ గుమ్మం తొక్కను."

"చెప్తాను," అన్నాను. "ఇవాళే చెప్తాను."

"సరే," అంది. నమ్మిన మనిషి అనే సరే కాదు అది.

మే 4

మా ఆవిడకి తలనొప్పి. చెప్పలేదు.

మే 7

పొద్దున చెబుదామనుకున్నాను. బస్సు టైమైంది.

మే 10, ఆదివారం

మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ మా ఆవిడే ఎత్తింది. ఫోన్ చేసిందట చెల్లెలికి, మనసు ఊరుకోక. ఎంతైనా తోడబుట్టింది. "వచ్చెయ్యవే, జరిగిందేదో జరిగింది అన్నానండీ. రాను అంది. ఎందుకు రావే అంటే, బావగారినే అడుగు అని ఫోన్ పెట్టేసింది."

గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. "ఏం జరిగిందండీ? మీరు దాన్నేమైనా అన్నారా? నాకు తెలియకుండా ఏమైనా ఉందా?"

ఇంతకన్నా తేలిక చేసి ఎవరూ అడగరు. అవును అంటే చాలు. అవును, ఉంది, కూర్చో చెప్తాను. అంతే. వెనక గది తలుపు తీసే ఉంది, మంచం మీద పరుపు చుట్టేసి ఉంది. ఇక్కడ చెబితే అక్కడ ఆ పిల్లకి అక్క దక్కుతుంది. నాకు ఏం మిగులుతుందో ఆలోచించాను. మా ఆవిడ మొహం చూశాను. ఇరవై ఆరేళ్ళుగా నన్ను చూసే చూపే అది, తేడా ఏమీ లేదు.

"నాకేం తెలీదు," అన్నాను. "పుస్తకాలివ్వడానికి వెళ్ళినప్పుడు కూడా సరిగ్గా మాట్లాడలేదు."

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "చేసిందంతా చేసి, చివరికి మీ మీదికి తోస్తోందన్నమాట. ఇంక దాని పేరెత్తను. నాకు చెల్లెలు లేదనుకుంటాను," అంది. కాసేపాగి నా పళ్ళెం దగ్గరికి జరిగింది. "మీరు కాబట్టి సరిపోయింది. ఇంత చేసినా దాన్ని ఒక్క మాట అనలేదు. మీ మనసు నాకు తెలీదా?"

ఇంకొంచెం వెయ్యనా అని అడిగింది. వెయ్యమన్నాను.